ఈకల సంచిలో మా వదినె

“లే వదినె, లే. బజారంతా నిన్నే సూస్తున్నది.”

“సూడనియ్యి. ఆళ్ళు సూస్తే నాకు సలి ఎక్కువైతదా?”

“సంచి కొనేటందుకు వచ్చినమా, పండుకునేటందుకు వచ్చినమా?”

“పండుకునే సంచిని పండుకొని సూడకుంట ఎట్ల కొంటరు పిల్లా? చీర కొన్ననాడు నువ్వు భుజం మీద ఏస్కొని అద్దంల సూస్కోవా?”

“సూస్కుంట. గంతే గని దుకాణంల బండల మీద పండి కండ్లు మూస్కోను.”

“అందుకే నీ చీరలు ఒక్కటీ నీకు నప్పయి.”

నిజామాబాద్ బస్టాండుకు దగ్గర సందులో వానకోట్లు, గొడుగులు, సూట్‌కేసులు అమ్మే దుకాణంలో జరిగిన గొడవ ఇది. కింద నాపరాళ్ళ మీద, పడుకునే సంచిలో దూరి, మెడ దాకా జిప్పు లాక్కొని, గొంగళిపురుగులా పడుకొని ఉన్నది మా వదినె. అంటే నా భర్తకు సొంత అక్క. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. పక్కన నిలబడి, కొంగు మూతికి అడ్డం పెట్టుకొని సిగ్గుతో కుంగిపోతున్నది నేను. నాకూ అరవై దాటాయి, అయినా ఆమె నోట నేనెప్పుడూ పిల్లనే. దుకాణం సేటు కుర్చీలోంచి సగం లేచి, నవ్వాలో వద్దో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. గడప దగ్గర అప్పటికే నలుగురు పోగయ్యారు.

ఆ వదినె కిందటి వానాకాలంలో కన్నుమూసింది. రాత్రి తిని పడుకున్నది, పొద్దున లేవలేదు. ఆయాసం లేదు, దగ్గు లేదు. ఆమె దగ్గకుండా పోవడమే ఆమె గెలుపని నాకు తెలుసు, ఎందుకో మీకూ తెలుస్తుంది. కర్మలన్నీ అయిపోయాక ఆమె కొడుకు, నాకు అల్లుడి వరుస, సిరికొండ నుంచి బోధన్ పక్కన ఉన్న మా ఊరికి బస్సులో వచ్చి, “అత్తా, అవ్వ దీన్ని నీకే ఇయ్యమన్నది” అని ఆ సంచిని నా మంచం మీద పెట్టి పోయాడు. మరునాడు ఎండ కాసినప్పుడు దాన్ని తీగ మీద ఆరేసి, ఆమె చేసినట్టే అరచేయి పెట్టి నొక్కి, చేయి తీశాను. నిద్రలో మనిషి ఊపిరి తీసుకున్నట్టు మెల్లగా పైకి లేచింది. కుట్టులోంచి ఒక్క నూగు ఈక ఊడి నా చేతికి అంటుకున్నది. నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని, రాత నాకు అలవాటు లేదు. ఆ ఈకను ఊదేయలేకే ఇది రాస్తున్నాను.

అలా అరచేతితో నొక్కి చూడడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం. పెళ్ళికి పోయినా, చావుకు పోయినా, ఎవరింటికి పోయినా ముందు వాళ్ళ పక్కబట్టలు చూసేది. నవ్వుతూ పలకరిస్తూనే చేయి మంచం మీదికి పోయేది. బొంతను నొక్కి, చేయి తీసి, అది తిరిగి లేస్తుందా అని చూసేది. లేవకపోతే ఇంటివాళ్ళ ముందే, “ఇది సచ్చిన బొంత” అనేది. మా ఇంట్లో బొంతలన్నీ సచ్చినవే అని ఆమె తీర్మానం. నేను పాత చీరలు, చిరిగిన ధోవతులు పొరలుగా పేర్చి కుట్టినవి అవి. ఒక్కొక్కటి పదేళ్ళు ఓర్చినవి. “సచ్చినయి గాదు వదినె, ఓర్సుకున్నయి” అనేదాన్ని. “ఓర్సుకునేది నువ్వు. నీ బొంత గాదు” అనేది.

తిండి దగ్గర ఆమెకు ఏ పట్టింపూ లేదు. జొన్నరొట్టె, పచ్చికారం ఉంటే రెండు పూటలా అదే తినేది. కట్టుబట్ట దగ్గరా లేదు. నిద్ర దగ్గర మాత్రం రాణి. “సలి శానా తెలివిగల్లది పిల్లా. ముందుగాల కాలి బొటనేలు కాడికొచ్చి పేరు అడుగుతది. జవాబిచ్చినవా, ఇగ ఇంట్లకొచ్చి కూసుంటది” అని కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు తొడుక్కునేది. మేజోళ్ళు తొడుక్కున్న ముసలమ్మను మా ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

ఆమెకు చలి ఎందుకంత పట్టింపంటే, ఆమె చలికాలమంతా ఇంటి బయటే పడుకునేది. ఆమెను ఇచ్చింది సిరికొండ వైపు, గుట్టల కింది ఊరికి. ఊరి చివర, అడవిని ఆనుకొని, వాళ్ళకొక మెట్ట చెలక ఉంది. మొదట అదంతా రాళ్ళేనట. ఆమె, ఆమె మొగుడు కలిసి ఆ రాళ్ళు ఏరి, చుట్టూ గట్టు పేర్చి, ఆ మట్టిని చేను చేశారు. మొగుడు పోయాక కూడా చలికాలంలో యాసంగి పంట వచ్చిందంటే అందులో మక్కజొన్న వేసేది. మక్కకు పాలకంకి పట్టిందంటే చాలు, అడవి పందులు వాగు వెంట మందగా దిగుతాయి. ఒక్క రాత్రి దిగాయంటే తెల్లారి చేను ఉండదు, పశువులు తొక్కిన చాప ఉంటుంది.

ఆమె మామగారు పూర్వం వేటకు వచ్చే పెద్దలకు జంతువుల జాడ చూపేవాడట. ఆ విద్య కొడుక్కు రాలేదు, కోడలికి వచ్చింది. ఇప్పుడు వేట లేదు. పంటను పాడుచేసే పందులను కొట్టడానికి మాత్రం పంచాయతీ తీర్మానం చేసి, అనుమతి ఉన్న షూటర్లను పిలుస్తుంది. వాళ్ళు పట్నం నుంచి జీపులో లైసెన్సు తుపాకులతో వచ్చి, గుట్టల కింద ఒక చేను నుంచి ఇంకో చేనుకు మకాం మారుస్తూ తిరిగేవారు. ఏ వాగులోంచి దిగుతాయో, ఏ గట్టు దగ్గర దూరుతాయో చెప్పడానికి మా వదినె కావాలి. తన చేనుకే కాదు, చుట్టుపక్కల ఎవరి చేనుకైనా పక్కబట్టలు మూట కట్టుకొని పోయేది.

ఆ పోవడం చూడాల్సిందే. ఇంట్లో ఉంటే వాడకట్టంతా వినబడే గొంతు. ఊరి పొలిమేర దాటిందంటే గుసగుస తప్ప మాట లేదు. కాళ్ళ కడియాలు చప్పుడు చేయకుండా వాటికి గుడ్డపీలికలు చుట్టేది. కావలి ఉన్నన్నాళ్ళు బీడీ ముట్టేది కాదు, సబ్బు ముట్టేది కాదు. “పందికి కండ్లు మసక. గని దాని ముక్కు పోలీసోళ్ళ కుక్క ముక్కు. నేను ముసల్దాన్నా, పడుసుదాన్నా గూడ దానికెర్క” అని నవ్వేది.

ఆ షూటర్లలో ఒకాయన పొడుగాటి మనిషి. ఆయన దగ్గర ఈ రకం సంచి ఉండేది. విప్పితే పరుపు, చుడితే సొరకాయంత. ఒకనాడు ఆయన టీ తాగడానికి లేచినప్పుడు మా వదినె అలవాటు కొద్దీ దాన్ని నొక్కి చూసింది. లేచింది. ఇంకోసారి నొక్కింది. లేచింది. “ఏముందయ్యా దీంట్ల? పానమున్నదా?” అని అడిగిందట. “బాతు ఈకలు పెద్దమ్మా. దాని రొమ్ము మీద ఉండే నూగు” అన్నాడట ఆయన. అంతే, ఆమెకు బాతుల పిచ్చి పట్టింది.

మా బోధన్ వైపు వరికోతలు అయిపోగానే కోస్తా నుంచి బాతుల మందలు దిగుతాయి. ఒకప్పుడు ఎటు చూసినా చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వరి పెరిగింది, దాంతో బాతులూ పెరిగాయి. ఆ ఏడు కోతలప్పుడు మా ఇంటికి వచ్చిన వదినె, పొద్దు పొడవకముందే నన్ను లేపి కాలవ కిందికి తీసుకుపోయింది. మంచు కురిసి, తడిసిన కొయ్యకాళ్ళ మధ్య బాతులు మెడలు రెక్కల్లో దూర్చి పడుకొని ఉన్నాయి. ఈమె వంగి ఒక బాతు రొమ్ము కింద వేలు పెట్టింది.

“పిల్లా, ఇటు రా. ఏలు పెట్టు.”

“కరుస్తదేమో.”

“నువ్వు దానికి కనవడవు తియ్యి. పెట్టు.”

పెట్టాను. పైన మంచు, కింద బురద. మధ్యలో ఆ బాతు కుంపటిలా ఉంది.

“సూసినవా? బొంత లేదు, రగ్గు లేదు. ఎట్ల నిద్రపోతున్నదో సూడు, జమీందారు లెక్క.”

మంద కాసే మనిషి కర్ర పట్టుకొని వచ్చాడు. “ఏంటమ్మా, బేరమా?” అన్నాడు.

“బాతొద్దు బిడ్డా, దాని పక్క గావాలె” అంది మా వదినె.

ఆయన నవ్వి, రాలిన ఈకలు ఎన్నైనా ఏరుకోండి అన్నాడు. ఊరికే వస్తున్నాయంటే నాకు హుషారొచ్చింది. ఇద్దరం గంపలు పట్టుకొని నూగు, రెక్క ఈక, తోక ఈక అన్నీ ఏరాం. పెద్ద ఈకలు పారేద్దామని ఆమె అంటే, ఊరికే వచ్చినవి పారేస్తామా, నింపు అన్నాను. నా పాత నూలు చీర రెండు మడతలు వేసి, నడుమ ఈకలు పోసి, బొంత కుట్టినట్టే దగ్గర దగ్గరగా అడ్డకుట్లు వేసింది ఆమె. మా వైపు ఏ ఆడదానికైనా తెలిసిన కుట్టు అదొక్కటే. పైసా ఖర్చు లేకుండా ఈకల బొంత తయారైంది. ఇద్దరం దాన్ని చూసి ఎంత మురిసిపోయామో చెప్పలేను.

ఆ చలికాలం ఆమె దాన్ని చెలకకు తీసుకుపోయింది. ఒక్క రాత్రి. కుట్టు పడిన చోటల్లా ఈక అణిగిపోయి చలి దూరిందట. రెక్క ఈకల మొనలు వీపులో గుచ్చుకున్నాయట. నూలు నేతలోంచి నూగంతా బయటికి వచ్చేసింది. తెల్లారి ఆమె ఇంటికి వస్తుంటే తలంతా తెల్లగా, కనుబొమ్మలు తెల్లగా, సొంత కుక్కే గుర్తుపట్టక మొరిగింది. ఊరంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. కానీ ఆ నవ్వులోంచే దగ్గు వచ్చింది. సాయంత్రానికి జ్వరం. ఊపిరితిత్తులకు చలి పట్టిందని నిజామాబాద్‌లో దవాఖానలో పెట్టారు. ఆమె అక్కడ ఉండగానే పందులు దిగి చేనంతా తినేశాయి.

దవాఖాన మంచం పక్కన నిలబడి అల్లుడు చెప్పేశాడు. “అవ్వా, ఇగ సాలు. చెలక కౌలుకిస్త. నువ్వు ఇంట్ల కూసో.”

ఆమె దవాఖాన పరుపును అరచేతితో నొక్కి చూసింది. “సచ్చింది” అంది.

మరుసటి ఏడు మళ్ళీ మక్క వేసింది. మళ్ళీ పాలకంకి పట్టింది. అప్పుడే అల్లుడు నాకు ఫోన్ చేశాడు. “అత్తా, అవ్వ ఇయ్యాల నిజామాబాద్ వస్తదట, ఆ షూటర్ల సంచి కొంటదట. నువ్వు ఎంట ఉండు. ఎట్లన్న జేసి కొననియ్యకు. కౌలుకు అడిగేటాయన రేపు పొద్దున వస్తుండు, మాట అయిపోతది.” పొదుపు గురించి నాకున్న పేరు తెలిసే నన్ను పంపాడు. నేనూ ఆ మాట మీదే వచ్చాను. ఆ సంచి ఖరీదుకు ఇంటిల్లిపాదికీ రగ్గులు వస్తాయి. ఒక్క మనిషి, అదీ బయట పడుకోవడానికి!

అందుకే ఆ దుకాణంలో అంత గొడవ.

ఆమె ఫోన్ చేసి చెబితే సేటు ముందే రెండు సంచులు తెప్పించి పెట్టాడు. ఒకటి నైలాన్ దూదిది, చౌక. ఇంకొకటి ఈకలది. నేను చౌకది చూపించి, ఇది చాలు అన్నాను. ఆమె రెంటినీ చెరొక చేతిలో వేలాడదీసి తూచింది. “చేను చేనుకు మోసేది నువ్వా నేనా?” అని బరువుగా ఉన్న దూదిదాన్ని నా చేతిలో పెట్టింది. తరువాత ఈకల సంచిని దుకాణం లైటుకు ఎదురుగా పట్టి, కుట్ల వెంట వేలితో తడుముతూ పోయింది. పై గుడ్డ, కింది గుడ్డ కలిపి కుట్టారా, లేక నడుమ గోడలాగా ఇంకో గుడ్డ ఉందా అని చూస్తోంది. ఒకసారి దెబ్బతిన్న చోటే ఆమె చూపు.

“అరలు అరలుగ ఉన్నది” అంది నాతో, కష్టమంతా మరిచిపోయిన గొంతుతో. “అణగది పిల్లా.”

సేటు మంచి మనిషి, ఉన్నమాట చెప్పాడు. “పెద్దమ్మా, ఒక్కటి ఇను. ఈకలది తడిస్తే ముద్దయితది, ఇగ వేడియ్యదు. దూదిది తడిసినా ఎంతోకొంత వేడిస్తది. బయట పండేటోళ్ళకు నేను దూదిదే చెప్త.”

“సూసినవా!” అన్నాను నేను.

ఆమె సేటు వైపు తిరిగింది. “పుష్యమాసంల మాకు వాన ఎక్కడిది? పడేది మంచు. మంచుకు నా గొంగడి ఉన్నది. గొర్రెబొచ్చు గొంగడి పైన, బాతు నూగు లోపట. రెండింటి నడుమ నేను. ఎట్లున్నది?”

“గట్లయితే మస్తుంటది” అన్నాడు సేటు. నా వైపు ఉన్న మనిషి కూడా పోయాడు.

అప్పుడే ఆమె చెప్పులు విడిచి అందులో దూరింది. దూరి, అటు పొర్లి ఇటు పొర్లి, చెవి పెట్టి వింది. గుడ్డ ఎంత చప్పుడు చేస్తుందో చూసుకుంటోంది. కాళ్ళ దగ్గర చోటు ఎక్కువుందని, ఖాళీ ఉంటే చలి చేరుతుందని, పొడి బట్టల మూట ఒకటి అక్కడ కుక్కాలని తనకు తానే చెప్పుకుంది. చీకట్లో లేవాలి గదా అని, కళ్ళు మూసుకొని లోపలి నుంచి జిప్పు తీసి ఒక్క ఉదుటున బయటికి రాబోయింది. చీర కుచ్చిళ్ళు జిప్పులో ఇరుక్కొని మళ్ళీ లోపలికే పడింది. గడప దగ్గర జనం గొల్లుమన్నారు.

“మైనం ఉన్నదా సేటూ?” అంది, ఏమీ కానట్టు. సేటు కొవ్వొత్తి ముక్క ఇస్తే జిప్పుకు రుద్దుకొని, కుచ్చిళ్ళు గోచీలాగా వెనక్కి దోపుకొని మళ్ళీ దూరింది. ఈసారి జర్రున వచ్చి లేచి నిలబడింది. మళ్ళీ దూరింది. నేను లే వదినె, లే అన్నది అప్పుడే.

గొడవ ముదిరి నా చీరల దాకా వచ్చాక, నేను అసలు మాట తీశాను. “ఇంటికాడ మంచమున్నది, కొడుకున్నడు, కోడలున్నది. ఈ ఈడుల ఈ సంచి నీకెందుకు?”

ఆమె పడుకునే ఉండి, నా వైపు తల తిప్పింది. అప్పటిదాకా ఉన్న వెక్కిరింత ఆ గొంతులో లేదు.

“పిల్లా, ఇంట్ల మంచంల పండి సచ్చేటందుకు ఏ దుప్పటైనా సాలు. చెలకల పండి బతికేటందుకు ఇది గావాలె. ఆ రాళ్ళు నేను ఏరిన. కౌలుకిస్తే ఆళ్ళకు పంట పోతది వస్తది. నాకు చెలకనే పోతది.”

సేటు తల వంచుకున్నాడు.  ఆమె సంచిలోంచి చేయి బయటికి తీసి నా చేయి పట్టుకొని లోపలికి లాగింది. కాలవ కింద ఆ బాతు రొమ్ము గుర్తొచ్చింది. అంతే వెచ్చన.

నేను సేటు వైపు తిరిగాను. అల్లుడి మాట, రగ్గుల లెక్క అన్నీ పక్కన పెట్టాను. పొదుపు మాత్రం పక్కన పెట్టలేదు. గట్టిగా బేరమాడాను. ఆయన నీళ్ళు తాగాడు, నేను తాగలేదు. చివరికి ఆయన ధర తగ్గించి, కింద పరుచుకునే పట్టా ఒకటి ఊరికే ఇచ్చి దండం పెట్టాడు.

“ఇగ నిజంగ నా మరదలివి” అంది వదినె.

మేము బయటికి వస్తుంటే గడప దగ్గర పడుచువాడొకడు, “అవ్వా, హిమాలయాలకా?” అన్నాడు.

“గాదు బిడ్డా, మక్కచేనుకు” అని సంచి చంకలో పెట్టుకొని, దసరా నాడు జమ్మి తెచ్చుకున్నంత ఠీవిగా బస్టాండు వైపు నడిచింది. నేను వెనకనుంచి పట్టా మోశాను.

నన్నూ వెంటబెట్టుకొని ఎక్కిన సిరికొండ బస్సులో సంచిని ఒళ్ళో పెట్టుకొని దారంతా వాసన చూస్తూనే ఉంది. “కొత్త పిలాస్టిక్ కంపు. పందులు వాగుల నుంచే వాపస్ పోతయి, తుపాకి కాడికి రావు” అని గొణిగింది. ఊళ్ళో దిగగానే ఇంట్లోకి పోలేదు. పశువుల కొట్టంలో ఎండుగడ్డి మీద సంచి విప్పి పరిచింది. ఆవు వచ్చి దాన్ని మూతితో పొడిచి, పక్కనే పడుకుంది. “మంచిగ అంటుకోనియ్యి నీ వాసన” అని ఆవు గంగడోలు నిమిరింది.

అల్లుడు సాయంత్రం వచ్చి చూసి నా మీద విరుచుకుపడ్డాడు. “నిన్ను పంపింది ఎందుకత్తా?”

“కొననియ్యకుంట ఆపేటందుకు” అన్నాను. “నా తోని గాలే.”

“పోయినేడు ఒక్కటే రాత్రికి దవాఖానల పడ్డది. మళ్ళ పడితే ఎవల్ని అడగాలె? నిన్నా, ఆ బాతులనా?”  వాడిది కోపం కాదు, భయం. తండ్రిని వాడు అంతకుముందే పోగొట్టుకున్నాడు.

వదినెకు కూడా అది తెలిసింది. వాడి ఎదుట కూచుంది. “గట్లయితే ఒక మాట. ఇయ్యాల షూటర్లు వస్తున్రు. మంద నిన్న పక్కోళ్ళ చేన్ల దిగింది, ఇయ్యాల నా దాంట్ల దిగుతది. నేను పోత. రేపు పొద్దున నువ్వు, ఆ కౌలు ఆయన, ఇద్దరూ చెలకకే రండ్రి. నేను ఒక్కసారి దగ్గినా చెలక ఆయనది. మారుమాట్లాడ. దగ్గకుంటే, నేను ఉన్నన్నొద్దులు కౌలు మాట నీ నోట్లకెల్లి రావద్దు.”

“ఒట్టా?”

“ఒట్టు. అత్తనే సాచ్చెం.”

వాడు నన్ను చూశాడు. నేను తల ఊపాను. ఆమె లేచి కడియాలకు పీలికలు చుట్టుకొని, సంచి, పట్టా, గొంగడి భుజాన వేసుకొని చెలక దారి పట్టింది.

చెలకలో ఆ రాత్రి ఏమైందో నేను చూడలేదు, కాబట్టి రాయను. ఊళ్ళో వాళ్ళింట్లో వాళ్ళ పరుపు మీద పడుకున్నాను. పడుకునే ముందు నొక్కి చూశాను. సచ్చింది.

పొద్దున అల్లుడు, కౌలు అడగొచ్చినాయన, నేను ముగ్గురం చెలకకు పోయాం. కౌలు ఆయన మంచి బట్టలు వేసుకొని వచ్చాడు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది, మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. అల్లుడు నడుస్తున్నంత సేపూ ఏదో చప్పుడు కోసం వింటున్నట్టే నడిచాడు.

చేను కనబడింది. మక్క నిలువుగా ఉంది. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క కర్ర వంగలేదు. గట్టు కింద పట్టా మీద గొంగడి, గొంగడి కింద సంచి. జిప్పు తీసి ఉంది, మనిషి లేదు. నేను లోపల చేయి పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది. గొంగడి పైన మంచు ముత్యాల్లా నిలిచి ఉంది, లోపల చుక్క తడి లేదు.

వాగు ఒడ్డున ఆమె, షూటర్లు కనబడ్డారు. పెద్ద మగపంది ఒకటి పడి ఉంది. దాన్ని తినకూడదు, పూడ్చాలి, అది నియమం. గుంత తవ్వుతున్న వాళ్ళకు ఆమె నడుం మీద చేయి పెట్టుకొని, ఇంకా లోతు, ఇంకా లోతు అని చెబుతోంది. మంద మిగతాది వాగులో నుంచే వెనక్కి తిరిగిందని ఆ పొడుగాటి షూటర్ చెప్పాడు. “తెల్లారంగ తుపాకి చప్పుడు కంటే ముందు పెద్దమ్మ సంచిల నుంచి లేచింది. మేము ఇంక బూట్లు ఎతుకుతున్నం” అన్నాడు.

అల్లుడు తల్లి దగ్గరికి పోయి ఎదురుగా నిలబడ్డాడు.  ఆమె ముఖమే చూస్తున్నాడు.

“దగ్గు కోసం సూస్తున్నవా బిడ్డా?” అంది. “లేదు. నీకు గావాల్నంటే నువ్వే తెచ్చుకో.”

తరువాత గట్టెక్కి, అడవికీ ఊరికీ కూడా వినబడేటట్టు, పొలిమేర బయట ఎన్నడూ ఎత్తని గొంతెత్తి పిలిచింది. “ఓ పిల్లా! చాయ్ పెట్టు!”

రాళ్ళ పొయ్యి మీద నేను టీ పెట్టాను. అందరం తాగాం. అల్లుడు సంచిని దులిపి, ఎవరూ చెప్పకుండానే సొరకాయంత చుట్టి తన భుజాన వేసుకున్నాడు. కౌలు ఆయనకు వదినె రెండు పాలకంకులు విరిచి ఇచ్చింది. ఆయన వాటిని చేతిలో పట్టుకొని నిజామాబాద్ బస్సెక్కి పోయాడు.